కోడ్ రాసే ముందు ఈసీ తీయండి

ఊళ్లో రెండు గుంటల స్థలం కొనాలన్నా మనవాళ్లు ఎంత జాగ్రత్త పడతారో మీకు తెలుసు. అమ్మేవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, ముందు ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఈయనకు ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు అమ్మారు, మధ్యలో బ్యాంకు తాకట్టు ఏమైనా ఉందా, సర్వే నంబరు సరిపోతుందా, అన్నీ చూశాకే అడ్వాన్సు చేతిలో పెడతారు. చదువు రాని రైతు కూడా తెలిసిన ప్లీడరు దగ్గరికి వెళ్లి కాగితాలు చదివించుకుంటాడు.

అదే ఇంటి కుర్రాడు ఇంజనీరింగ్ పూర్తిచేసి, మెసేజీలు పంపే సాఫ్ట్‌వేర్ రాయమంటే మొదట కనబడిన వీడియో తెరుస్తాడు. అందులో ఉన్న కోడ్ ఎత్తి తన ప్రోగ్రాంలో పెట్టేస్తాడు. ఆ వీడియో ఏ సంవత్సరానిదో చూడడు. ఆ ఏపీఐ ఎవరిదో, ఇప్పటికీ బతికుందో లేదో అడగడు. స్థలం విషయంలో తాత చూపించిన జాగ్రత్తలో పదో వంతు ఇక్కడ చూపించినా నెలల తరబడి పడే అవస్థ తప్పుతుంది. ఈ అధ్యాయమంతా ఆ జాగ్రత్త గురించే. ఎస్సెమ్మెస్, ఈమెయిల్, చాట్, వాయిస్ కాల్ లాంటివి పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఏపీఐలు, వాటి డాక్యుమెంటేషన్ ఎక్కడ దొరుకుతాయో, దొరికాక ఎలా చదవాలో చెబుతాను.

ఒక ‘ధన్యవాదాలు’ ఖరీదు

కొన్నేళ్ల కిందట ఒక పాల సంఘానికి చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. పదిహేను రోజులకోసారి బిల్లు లెక్క తేలగానే ప్రతి రైతు ఫోనుకూ తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అంతే పని. మెసేజీలు పంపే కంపెనీ దగ్గర ఒక ప్యాకేజీ కొన్నాం. రైతులెంతమందో, నెలకు ఎన్ని మెసేజీలవుతాయో లెక్కవేసి ఆరు నెలలకు సరిపోతాయని చెప్పాను. మూడో నెల ఆఖర్న సంఘం కార్యదర్శి ఫోన్ చేశారు.

“ఏంది సారూ, ఆర్నెల్లొస్తయన్న మెసేజీలు మూడు నెలలకే ఒడ్సినయ్?”

నేను పంపించిన మెసేజి ఇది:

లింగయ్య గారూ, మీ పాల బిల్లు 2,340 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలో జమ అయింది. ధన్యవాదాలు.

కంపెనీ మొదటి పేజీలో మెసేజికి 160 అక్షరాలు అని పెద్దగా రాసి ఉంది. ఈ మెసేజి చూస్తే అందులో సగం కూడా ఉన్నట్టు అనిపించదు. మరి ఎక్కడ తేడా వచ్చింది? ఆ రాత్రి కూర్చుని, ముందే చదవాల్సిన కాగితం అప్పుడు చదివాను.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాన్ని ఏడు బిట్లలో సర్దుతారు కాబట్టి 140 బైట్లలో 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు యూనికోడ్ కావాలి, ఒక్కో గుర్తుకు రెండు బైట్లు. అంటే 70. పైగా ఆ 70 మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కూడా కాదు. ‘స్త్రీ’ అని రాస్తే మనకు ఒక్క అక్షరం. ఫోనుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ‘నమస్కారం’ మనకు నాలుగు, ఫోనుకు ఎనిమిది. మెసేజి 70 దాటితే ముక్కలవుతుంది. ముక్కల్ని ఫోనులో మళ్లీ అతికించడానికి ఒక్కో దాంట్లో ఆరు బైట్లు పోతాయి, అందువల్ల ముక్కకు 67 గుర్తులే మిగులుతాయి. ప్రతి ముక్కకూ ఒక మెసేజి డబ్బు.

ఇప్పుడు లింగయ్య గారి మెసేజి వేళ్ల మీద లెక్కపెట్టండి. ‘జమ అయింది’ తర్వాత చుక్క వరకు, ఖాళీలతో కలిపి, సరిగ్గా 70. ఆ తర్వాత నేను మర్యాదకు చేర్చిన ‘ధన్యవాదాలు’ వల్ల 82 అయింది. ప్రతి రైతుకూ, ప్రతి బిల్లుకూ రెండు మెసేజీల ఖర్చు పడింది. పోనీ ధన్యవాదాలు తీసేద్దామంటే, ఎక్కువ పాలు పోసిన రైతుకు బిల్లు 12,340 వస్తే ఒక్క అంకె పెరిగి 71 అవుతుంది, మళ్లీ రెండు మెసేజీలే.

చివరికి ‘బ్యాంకు’ అనే మాట కూడా తీసేశాం. ‘మీ ఖాతాలో జమ అయింది’ అన్నా రైతుకు అర్థమవుతుంది. మెసేజి 62కు దిగింది. పేరు వెంకటేశ్వర్లు గారై, బిల్లు ఐదంకెలైనా 69లో సరిపోతుంది. కార్యదర్శి గారికి మాత్రం ధన్యవాదాలు తీసేయడం మనసుకు పట్టలేదు.

ఈ 140, 160, 70, 67 అంకెలన్నీ రహస్యాలు కావు. 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ ప్రచురించే 23.038, 23.040 అనే పత్రాల్లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అదే 23.038లో తెలుగు, హిందీ, తమిళం, కన్నడం లాంటి మన భాషలకు ప్రత్యేక పట్టికలు కూడా ఉన్నాయి. వాటిని వాడితే తెలుగును కూడా ఏడు బిట్లలో సర్దవచ్చు. అయితే పంపే కంపెనీ, అందుకునే ఫోను, రెండూ దాన్ని ఒప్పుకోవాలి. మేం వాడిన కంపెనీ ఒప్పుకోలేదు. ఆ సంగతి అడగాలన్నా అలాంటి పట్టిక ఒకటి ఉందని ముందు తెలిసి ఉండాలి కదా!

కాగితాలు ఉండే మూడు చోట్లు

ఏ కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్‌కైనా కాగితాలు మూడు చోట్ల ఉంటాయి. ప్రమాణం రాసిన సంస్థ దగ్గర, సర్వీసు అమ్మే కంపెనీ దగ్గర, నియమాలు పెట్టే ప్రభుత్వం దగ్గర. చాలామంది రెండోది ఒక్కటే చూస్తారు, అదీ సగమే చూస్తారు.

ఈమెయిల్ పనికి మూలం ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ వెలువరించే ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాలు. ఫోను కాల్ కలిపే సిప్ పద్ధతి 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261లో ఉంది. బ్రౌజర్‌లోనే వీడియో కాల్ నడిపే వెబ్‌ఆర్‌టీసీని డబ్ల్యూ3సీ 2021 జనవరిలో ప్రమాణంగా ప్రకటించింది. ఫోను నంబరు ఎలా ఉండాలో, దేశపు కోడ్‌తో కలిపి 15 అంకెలు దాటకూడదని చెప్పేది ఐటీయూ వారి ఇ.164. చాట్‌కు ఎక్స్ఎంపీపీ, మ్యాట్రిక్స్ ఉన్నాయి. ఇవన్నీ ఉచితమే. చదవడానికి మనకు ఓపిక ఒక్కటే కావాలి.

మూడో చోటును మరిచిపోతే మన దేశంలో ఎస్సెమ్మెస్ పని ఒక్క అడుగు కదలదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపారపరంగా మెసేజీలు పంపేవాళ్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు కావాలి. సంస్థ పేరు, మెసేజి మీద కనిపించే హెడర్, మెసేజిలోని వాక్యం, అన్నిటికీ ముందే అనుమతి ఉండాలి. మారే చోట్లు, అంటే పేరు, అంకె లాంటివి వదిలేసి మిగిలిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా నమోదైన టెంప్లేట్‌తో సరిపోవాలి. ‘ఖాతాలో జమ’ అని నమోదు చేసి ‘ఖాతాకు జమ’ అని పంపితే టెలికాం కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. మన ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటూ తెల్లారిపోతుంది.

ఇది చిన్నవాళ్ల కష్టమే అనుకోకండి. 2021 మార్చి 8న టెలికాం కంపెనీలు ఈ పోలికను గట్టిగా అమలు చేయగానే దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకు లావాదేవీలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు నిలిచిపోయాయి. మరునాడే ట్రాయ్ ఆ అమలును వారం పాటు ఆపించాల్సి వచ్చింది. పెద్ద పెద్ద సంస్థలు కూడా, నిబంధన వచ్చి రెండేళ్లు దాటినా, తమ టెంప్లేట్లు సరిచూసుకోలేదని ఆ రోజు బయటపడింది. మా పాల సంఘం మెసేజిలో ‘బ్యాంకు’ అనే మాట తీసినందుకు కూడా టెంప్లేట్‌ను మళ్లీ నమోదు చేయించుకోవాల్సి వచ్చింది.

విదేశీ కంపెనీ ఏపీఐ పేజీలో ఇదంతా మొదటే కనబడదు. దేశాలవారీ నిబంధనలు అని పక్కన ఎక్కడో ఒక పేజీ ఉంటుంది. భారత్ కోసం ఆ పేజీ తెరిచి చూడకుండా ఎవరికీ తేదీ మాట ఇవ్వకండి.

ఇక వెతికే పద్ధతి గురించి ఒక మాట. ‘ఎస్సెమ్మెస్ పంపడం ఎలా’ అని వెతికితే వ్యాసాలు, ప్రకటనలు కుప్పలుగా వచ్చిపడతాయి. ఏపీఐలో వాడే అసలు మాట, అంటే ఒక ఫంక్షన్ పేరో, ఒక ఎర్రర్ కోడో, ఒక ప్రమాణం నంబరో పెట్టి వెతకండి. సెర్చ్‌లో ‘సైట్’ అనే ఇంగ్లిష్ మాట, కోలన్, ఆ సంస్థ వెబ్ చిరునామా చేరిస్తే ఆ ఒక్క చోటే వెతుకుతుంది. లైబ్రరీ వాడుతుంటే దాని కోడ్ ఉన్న చోటికే వెళ్లండి. అక్కడ ఉదాహరణల ఫోల్డర్ కంటే టెస్టుల ఫోల్డర్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. ఉదాహరణ ఒకసారి రాసి వదిలేసినది కావచ్చు. బాగా నడిచే ప్రాజెక్టులో టెస్టులు కోడ్ మారినప్పుడల్లా నడుస్తాయి. ఏపీఐ మారితే ముందు అవే విరుగుతాయి.

తేదీ, వారసత్వం

ఇప్పుడు ఈసీ సంగతికి వద్దాం. ఆర్‌ఎఫ్‌సీ అంటే చాలామందికి భయం. నాకైతే అది బాగా రాసిన రిజిస్ట్రేషన్ దస్తావేజులా కనిపిస్తుంది. మొదటి ఆర్‌ఎఫ్‌సీని 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాశాడు. అప్పటికి ఆయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అప్పటినుంచీ ఒక నియమం నడుస్తోంది. ఒకసారి ప్రచురించిన ఆర్‌ఎఫ్‌సీని దిద్దరు. మార్పు కావాలంటే కొత్త నంబరుతో మరొకటి రాస్తారు. ఏది దేన్ని రద్దు చేసిందో, ఏది దేన్ని సవరించిందో మొదటి పేజీ పైనే రాసి ఉంటుంది.

ఈమెయిల్ పంపే ఎస్ఎంటీపీనే తీసుకోండి. జాన్ పోస్టెల్ 1982లో రాసినది 821. దాని స్థానంలో 2001లో 2821 వచ్చింది. 2008లో 5321 వచ్చి దాన్నీ రద్దు చేసింది. మెయిల్ చదివే ఐమ్యాప్‌కు 2003 నాటి 3501 స్థానంలో 2021లో 9051 వచ్చింది. మీ చేతికి 821 దొరికితే అది తాతగారి పేరున ఉన్న పట్టా అనుకోండి. చరిత్ర తెలుసుకోవడానికి చదవాలి, ఇల్లు మాత్రం దాని మీద కట్టకూడదు. ఆర్‌ఎఫ్‌సీ ఎడిటర్ సైటులో నంబరు కొడితే ఈ వంశవృక్షమంతా ఒక్క చోట కనిపిస్తుంది. తర్వాత బయటపడిన తప్పుల పట్టిక కూడా అక్కడే ఉంటుంది. దాన్ని తప్పక తెరవండి.

కంపెనీల ఏపీఐలకు ఇంత పద్ధతైన ఈసీ ఉండదు, మనమే తీయాలి. ఆండ్రాయిడ్ ఫోనుకు నోటిఫికేషన్ పంపే పని చూడండి. గూగుల్ 2010లో సీ2డీఎం అని మొదలుపెట్టింది. 2012లో దాని స్థానంలో జీసీఎం వచ్చింది. 2016లో ఎఫ్‌సీఎం వచ్చింది. 2019లో జీసీఎం మూసేశారు. ఎఫ్‌సీఎంలోనే పాత పద్ధతిని, అంటే ఒక సర్వర్ కీ పెట్టి పంపే పద్ధతిని, 2023 జూన్‌లో వద్దన్నారు. 2024 జూలై నుంచి ఆపేయడం మొదలుపెట్టారు. కొత్త పద్ధతిలో కొద్దిసేపే చెల్లే టోకెన్ తీసుకుని పంపాలి. పాత సర్వర్ కీ పద్ధతిని నేర్పే వీడియోలు, నోట్సులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికిన నోట్సు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు నాకు ఎందరో తెలుసు, ఆ నోట్సు మీద నాకు గౌరవమే. కానీ నోట్సు మీద తేదీ ఉండదు. ఏపీఐకి తేదీయే ప్రాణం.

అందుకని ఏ పేజీ తెరిచినా ముందు మూడు చూడండి. ఇది ఏ వెర్షన్‌కు రాసినది, ఎప్పుడు మార్చారు, ‘డిప్రికేటెడ్’ అనే మాట ఎక్కడైనా ఉందా. ఆ మాట కనిపిస్తే ఆ దారి మూసేస్తున్నారని అర్థం. ఈరోజు పనిచేస్తోంది కదా అని దాని మీద కొత్త పని మొదలుపెట్టకండి. చేంజ్‌లాగ్ అనే పేజీలో గత రెండేళ్లలో ఏమేం మార్చారో చదివితే ఆ కంపెనీ స్వభావం తెలిసిపోతుంది. ముందుగా చెప్పి, ఏడాది గడువిచ్చి మార్చేవాళ్లు కొందరు. రాత్రికి రాత్రి మార్చేవాళ్లు కొందరు. పాత పేజీ తీసేస్తే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది.

సొంతిల్లు, అద్దిల్లు

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ప్రమాణం మీద కట్టినది సొంతిల్లు. ఒక కంపెనీ ఏపీఐ మీద కట్టినది అద్దిల్లు. అద్దింట్లో ఉండటం తప్పేం కాదు, మనలో చాలామందికి అదే గతి. కాకపోతే ఓనరు ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్తామో ముందే తెలిసి ఉండాలి.

ఫేస్‌బుక్ చాట్‌ను ఒకప్పుడు ఎక్స్ఎంపీపీ ద్వారా ఏ చాట్ ప్రోగ్రాం నుంచైనా వాడుకోగలిగేవాళ్లం. 2015లో ఆ తలుపు మూసేశారు. స్లాక్‌కు ఐఆర్‌సీ, ఎక్స్ఎంపీపీ దారులు ఉండేవి. 2018 మే 15న తీసేశారు. వాట్సాప్ బిజినెస్‌ను సొంత సర్వర్‌లో నడుపుకునే ఏర్పాటు 2025 అక్టోబరుతో ముగిసింది. ఇప్పుడు క్లౌడ్ ఏపీఐ ఒక్కటే దారి. ఛార్జీల పద్ధతి కూడా 2025 జూలై 1 నుంచి మారింది. సంభాషణకు ఇంత అని తీసుకునేవాళ్లు, మెసేజికి ఇంత అంటున్నారు.

వాట్సాప్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. కస్టమర్ మనకు మెసేజి పెట్టిన 24 గంటల్లోపే మనం స్వేచ్ఛగా జవాబు రాయగలం. ఆ గడువు దాటితే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మాత్రమే పంపాలి. ఈ బాదరబందీ ఎందుకని కొందరు అనధికార లైబ్రరీలు పట్టుకుంటారు. అసలు వాట్సాప్‌లా నటించి మెసేజీలు పంపే ప్రోగ్రాములవి. నంబరు నిషేధానికి గురైతే అడిగే దిక్కుండదు. మీ క్లయింటు ఇరవై ఏళ్లుగా దుకాణం బోర్డు మీద రాయించుకున్న నంబరు అది. దాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

ముందు చదవాల్సిన పేజీలు చివర ఉంటాయి

ప్రతి డాక్యుమెంటేషన్‌లోనూ మొదటి పేజీ మనల్ని ఆహ్వానించడానికి రాసినది. ఐదు నిమిషాల్లో మొదటి మెసేజి పంపండి అంటుంది. నిజంగా ఐదు నిమిషాల్లో వెళ్తుంది కూడా. రెండో వెయ్యి మెసేజీల దగ్గర అసలు కథ మొదలవుతుంది. అందుకే నేను ఎప్పుడూ వెనక నుంచి చదువుతాను. ముందు లిమిట్లు, తర్వాత ఎర్రర్ కోడ్లు, ఆ తర్వాతే ఎలా పంపాలో.

టెలిగ్రామ్ బాట్ ఏపీఐ కొత్తవాళ్లు నేర్చుకోవడానికి చాలా మంచిది, ఒకే పొడవాటి పేజీలో దాదాపు అంతా ఉంటుంది. ఒక మెసేజిలో 4096 అక్షరాలు పడతాయని అక్కడే ఉంది. మనకు వచ్చిన మెసేజీలను వాళ్ల సర్వర్ 24 గంటలకు మించి దాచదని కూడా ఉంది. అంటే మీ ప్రోగ్రాం శనివారం ఆగిపోయి మీరు సోమవారం చూసుకుంటే, మధ్యలో వచ్చినవి చాలావరకు పోయినట్టే. కానీ సెకనుకు ఎన్ని పంపవచ్చు, ఒక గ్రూపులో నిమిషానికి ఎన్ని పంపవచ్చు అనే లెక్క వేరే ప్రశ్నల పేజీలో ఉంటుంది. గ్రూపుకు నిమిషానికి 20 దాటకూడదు. ఏ పరిమితి దాటినా 429 అనే కోడ్ వస్తుంది. ‘చాలా ఎక్కువగా అడుగుతున్నావు, ఆగు’ అని దాని అర్థం. ఎన్ని సెకన్లు ఆగాలో కూడా జవాబులోనే చెబుతుంది. దాన్ని చదివి ఆగే కోడ్ మొదటి రోజే రాసినవాడు హాయిగా నిద్రపోతాడు.

ఎర్రర్ పేజీ కంటే ముఖ్యమైనది ఒకటుంది. పని అయిందని వచ్చే జవాబుకు అసలు అర్థం ఏమిటో తెలుసుకోవడం. ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తే కౌంటర్‌లో రసీదు ఇస్తారు. ఆ రసీదు చూసి మీ అక్కకు పార్సిల్ చేరిందని మీరు అనుకోరు కదా. ఈమెయిల్‌లో 250 అనే జవాబు అచ్చంగా ఆ రసీదే. మెయిల్ చేర్చే బాధ్యతను, చేర్చలేకపోతే ఆ సంగతి తిరిగి చెప్పే బాధ్యతను అవతలి సర్వర్ తీసుకుందని దాని అర్థం. మనిషి చూశాడని కాదు, ఇన్‌బాక్స్‌లో పడిందని కూడా కాదు. ఎస్సెమ్మెస్ కంపెనీ ఇచ్చే మెసేజి ఐడీ కూడా అంతే. చేరిందో లేదో చెప్పే డెలివరీ రిపోర్టు తర్వాత విడిగా వస్తుంది. దాన్ని అందుకునే ఏర్పాటును, వాడుకలో వెబ్‌హుక్ అంటున్నాం, మనం చేసుకోవాలి. ఈ తేడా తెలియక, మెసేజి ఐడీ రాగానే తెరమీద ‘చేరింది’ అని ఆకుపచ్చ టిక్కు పెట్టిన సాఫ్ట్‌వేర్లు నేను చాలా చూశాను. ఆసుపత్రి అపాయింట్‌మెంటు మెసేజి విషయంలో ఆ అబద్ధపు టిక్కు ఎవరి ప్రాణం మీదికైనా తేవచ్చు.

తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు నన్ను తరచుగా అడుగుతారు, “ఆ ఇంగ్లిష్ మాకు ఎక్కడ అర్థమవుతుంది అన్నా?” అని. ప్రమాణాల ఇంగ్లిష్ కథల ఇంగ్లిష్ కంటే చాలా సులువు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 కొన్ని మాటలకు అర్థాలు కట్టుదిట్టం చేసిపెట్టింది. పెద్ద అక్షరాల్లో ‘మస్ట్’ అని ఉంటే తప్పనిసరి, చేయకపోతే మీ ప్రోగ్రాం ప్రమాణం తప్పినట్టే. ‘షుడ్’ అంటే చేయాలి, గట్టి కారణం ఉంటేనే, దాని పర్యవసానం తెలిస్తేనే మానాలి. ‘మే’ అంటే మీ ఇష్టం. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని ‘మస్ట్’ ఉన్న వాక్యాలే గీస్తూ వెళ్లండి. యాభై పేజీల పత్రం రెండు పేజీలకు దిగుతుంది.

ఒకసారి చేత్తో పంపి చూడండి

చదివింది ఒంటబట్టాలంటే, ప్రోగ్రాం రాయకముందే ఏపీఐని చేత్తో పిలవాలి. కర్ల్ అనే చిన్న ఉపకరణం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. డేనియల్ స్టెన్‌బర్గ్ దాన్ని 1998లో ఆ పేరుతో విడుదల చేశాడు, ఇప్పటికీ ఆయనే చూసుకుంటున్నాడు. బొమ్మల తెర కావాలంటే పోస్ట్‌మ్యాన్ ఉంది, బెంగళూరులో పుట్టిన ఉపకరణం.

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే ఖాతాకు మెసేజి పెట్టి కొత్త బాట్ అడగండి. ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ ఇంటి తాళంచెవి లాంటిది, కోడ్‌లో రాసి పదిమందికీ కనిపించే చోట పెట్టకండి. దాంతో ‘గెట్‌మీ’ అని పిలిస్తే మీ బాట్ పేరు తిరిగొస్తుంది. ఇప్పుడు కావాలని తప్పు చేయండి. టోకెన్‌లో ఒక అక్షరం మార్చి పిలవండి, 401 వస్తుంది. ఖాళీ మెసేజి పంపండి, 400 వస్తుంది, ఎందుకో ఒక వాక్యంలో చెబుతుంది. వెబ్‌హుక్ పెట్టి ఉంచి ‘గెట్‌అప్‌డేట్స్’ పిలవండి, 409 వస్తుంది, రెండూ ఒకేసారి కుదరవు. అరగంటలో మీరు చూసిన ఈ తప్పులే ఆర్నెల్ల తర్వాత అర్ధరాత్రి వస్తే, పాత స్నేహితుల్లా గుర్తుపడతారు.

ఇప్పుడు చాలామంది డాక్యుమెంటేషన్ బదులు ఏఐని అడుగుతున్నారు. నేనూ అడుగుతాను. దారి చూపించడంలో అది మంచి తోడు. కానీ లేని ఫంక్షన్ పేరు కూడా ఉన్నంత ధీమాగా చెబుతుంది, మూతపడిన ఏపీఐకి చక్కటి కోడ్ రాసిస్తుంది. కాబట్టి జవాబుతో పాటు అది ఏ పేజీలో ఉందో అడగండి. ఆ పేజీ తెరిచి మీ కళ్లతో చూడండి. పేజీ లేకపోతే జవాబు కూడా లేనట్టే.

చివరగా మీకు ఒక విన్నపం. ఇన్ని కోట్లమంది మాట్లాడే మన భాషలో ఇలాంటి విషయాలు రాసిన పేజీలు చాలా తక్కువ. తెలుగు మెసేజికి 70 గుర్తులే పడతాయన్న ఒక్క ముక్క తెలుగులో నాకు ముందే దొరికి ఉంటే, ఆ పాల సంఘం డబ్బు మిగిలేది. మీరు ఒక ఏపీఐతో పనిచేసి దాని లిమిట్లు, తప్పులు, మన దేశపు నిబంధనలు తెలుసుకున్నాక, మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక్క పేజీ తెలుగులో రాసి పెట్టండి. మూల పత్రం పేరు, వెర్షన్ అందులో ఉండాలి. పైన మీరు రాసిన తేదీ వేయడం మాత్రం మరిచిపోకండి.